పాలపళ్లే కదా అనుకున్నాం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సార్ ఫోన్ చేసినప్పుడు మేము చాలాసేపు ఆలోచించాం. క్రమశిక్షణ గురించి రాయొచ్చు, లక్ష్యసాధన గురించి రాయొచ్చు. అవి రాసేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. మేము పళ్ల గురించి రాద్దామనుకున్నాం. నవ్వొస్తోందా తమ్ముళ్లూ? నవ్వండి. కానీ నవ్వేటప్పుడు మీలో ఎంతమంది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నారో ఒక్కసారి పక్కకు తిరిగి చూడండి. మేము ఈ హాస్టల్లో ఏడేళ్లు అలాగే నవ్వాం. పీజీలో చేరాక మొదటి సెమినార్‌లో మాట్లాడుతుంటే మేడమ్ మధ్యలో ఆపి, "చెయ్యి తీసి మాట్లాడు, నీ మాట వెనక వరసకు వినబడటం లేదు" అన్నారు. నోటికి చెయ్యి అడ్డం ఉందన్న సంగతి అప్పటిదాకా మాకే తెలియదు.

మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్నది మేమే మొదలు. నాన్న పాలమూరు నుంచి వలస వచ్చి, జూబ్లీహిల్స్‌లో ఇళ్లు కట్టే మేస్త్రీల దగ్గర కూలికి పోయేవాడు. అమ్మ ఫిలింనగర్‌లో రెండిళ్లలో అంట్లు తోమేది. పని ఎక్కడుంటే గుడిసె అక్కడికి మారేది. మా చదువు ఆగిపోకూడదని నాలుగో తరగతిలో షేక్‌పేటలోని ఈ హాస్టల్లో చేర్చారు. అప్పటికే మా కింది దవడలో వెనకాల ఒక పెద్ద పన్ను మీద నల్లమచ్చ ఉంది. అన్నం తింటే మెతుకు అందులో ఇరుక్కునేది. అమ్మకు చూపిస్తే, "పాలపన్నే గదా బిడ్డా, ఊడిపోయి కొత్తది వస్తది" అంది. అమ్మ చెప్పింది అబద్ధం కాదు. ఆమెకు తెలిసింది అదే.

తొమ్మిదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షలు. లెక్కల పరీక్ష ముందు రాత్రి ఆ పన్ను సలపడం మొదలుపెట్టింది. పదో తరగతి అన్న ఒకరు వంటగదిలోంచి లవంగం తెచ్చి పన్ను కింద పెట్టాడు. వాచ్‌మన్ తాత ఉప్పునీళ్లు పుక్కిలించమన్నాడు. తెల్లారేదాకా గోడకు ఆనుకుని కూర్చున్నాం. పరీక్షలో వచ్చిన లెక్కలు కూడా సగం వదిలేసి బయటికొచ్చాం. మర్నాడు నాన్న ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చి ఒక క్లినిక్‌కు తీసుకెళ్తే, పన్ను పీకి పంపించారు. కొత్త పన్ను వస్తుందని ఏడాది ఎదురుచూశాం. రాలేదు. ఈలోగా ముందుపళ్ల సందుల్లోకి కూడా నలుపు పాకింది. డిగ్రీలో ఉండగా ఒక దంత వైద్యురాలు మా నోరు చూసి అసలు సంగతి చెప్పారు: "నీకు పీకింది పాలపన్ను కాదు బాబూ. ఆరేళ్లప్పుడు వచ్చిన శాశ్వత దంతం. అది మళ్లీ రాదు."

ఆ ఒక్క మాట మాకు నాలుగో తరగతిలో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అందుకే ఇప్పుడు నాలుగో తరగతిలో ఉన్న మీ కోసం రాస్తున్నాం.

ఆరో ఏట వచ్చే పన్ను

పాలపళ్లు 20. ఆరు నెలల వయసులో మొదలై మూడేళ్లలోపు అన్నీ వచ్చేస్తాయి. ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల మధ్య ఒక్కొక్కటే ఊడి, వాటి చోట కొత్తవి వస్తాయి. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, ఆరో ఏట పాలపళ్లన్నింటికీ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, పైన రెండు, కింద రెండు పెద్ద దవడపళ్లు వస్తాయి. ఏదీ ఊడలేదు కాబట్టి అవి కూడా పాలపళ్లే అనుకుంటారు ఇంట్లోవాళ్లు. కానీ అవి జీవితాంతం ఉండాల్సినవి. అన్నం, రొట్టె నమలడంలో ఎక్కువ బరువు మోసేవి అవే. వాటి పైభాగం నాగటి చాళ్లలాగా లోతైన గీతలతో ఉంటుంది. కొత్తగా వచ్చిన పన్ను పైపొర ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. అందుకని పుచ్చు ముందుగా పట్టేది కూడా వాటినే.

పోనీ పాలపన్ను పుచ్చిపోతే నష్టం లేదా అంటే, ఉంది. పాలపన్ను తన కింద పెరుగుతున్న పన్నుకు చోటు కాపలా కాస్తుంది. అది ముందే పోతే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, కొత్తది వంకరగా వస్తుంది. పుచ్చు లోపలికి దిగి చీము పడితే ఆ చెడు కింది పన్నుకూ తగలొచ్చు. నొప్పితో ఒక పక్కనే నమిలే పిల్లవాడు తినాల్సినంత తినడు. తినకపోతే ఒళ్లు చేయదు. నిద్ర లేకపోతే చదువు ఎక్కదు. పన్ను చిన్నదే కానీ దాని వెంట ఇన్ని ఉన్నాయి.

ఇది మన ఒక్కరి కథ కాదు. 2002–03లో దేశమంతటా జరిపిన నోటి ఆరోగ్య సర్వేలో పన్నెండేళ్ల పిల్లల్లో సగానికి పైగా పుచ్చుపళ్లతో కనిపించారు. బంగళాల్లో పిల్లలకూ పళ్లు పుచ్చుతాయి. వాళ్లకు పన్ను పుచ్చితే పూడ్పించుకుంటారు. మనకు పుచ్చితే పీకించుకుంటాం. తేడా అక్కడే ఉంది. పూడ్పించుకునే స్తోమత లేనివాళ్లం, పుచ్చకుండా చూసుకోవడంలో వాళ్లకంటే ముందుండాలి కదా?

ఎంత తిన్నామని కాదు, ఎన్నిసార్లు తిన్నామని

పన్ను పుచ్చడమంటే పురుగు తొలవడం అని మన ఊళ్లలో అంటారు. చెవిలో పసరు పోసి పంటి పురుగును బయటికి తీస్తామని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. అది మోసం. పంట్లో పురుగు ఉండదు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఉంటాయి. మనం తిన్న తీపిని అవి కూడా తిని ఆమ్లాన్ని వదులుతాయి. పంటి పైపొర ఎనామిల్, మన ఒంట్లో అన్నింటికంటే గట్టి పదార్థం. ఎముక కంటే కూడా గట్టిది. అయినా నోట్లో పీహెచ్ 5.5 కంటే తగ్గితే ఆ ఎనామిల్‌లోంచి సున్నం, భాస్వరం కరిగి బయటికి పోతాయి. తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే నోరు ఆ స్థితికి చేరుతుంది. తిరిగి మామూలు కావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఈలోగా లాలాజలం తన పని చేస్తుంది. ఆమ్లాన్ని కడిగి, పోయిన ఖనిజాలను కొంతవరకు తిరిగి పంటికి అద్దుతుంది. లాలాజలానికి టైము ఇస్తే పన్ను కోలుకుంటుంది. ఇవ్వకపోతే గుంట పడుతుంది. ఒకసారి పడిన గుంట మాత్రం తనంతట తాను పూడదు.

ఈ సంగతి తెలిశాక మేము ఎనిమిదో తరగతిలో గడిపిన ఒక మామూలు రోజును కాగితం మీద రాసి చూసుకున్నాం. పొద్దున టీలో ముంచుకున్న బిస్కెట్లు. బడిలో ఇంటర్వెల్‌లో చాక్లెట్. మధ్యాహ్నం క్లాసులో సార్ చూడకుండా బుగ్గన పెట్టుకున్న పిప్పరమెంటు. సాయంత్రం బడి నుంచి వచ్చాక మళ్లీ టీ. ఆటలయ్యాక దోస్తులతో పంచుకున్న కూల్ డ్రింకు. రాత్రి స్టడీ అవర్ అయ్యాక ట్రంకుపెట్టెలోంచి తీసిన క్రీమ్ బిస్కెట్లు. ఆరుసార్లు. ఒక్కోసారికి అరగంట నుంచి గంట చొప్పున వేసుకుంటే, రోజూ మూడు నుంచి ఆరు గంటలు మా పళ్లు ఆమ్లంలో నానాయన్నమాట. అన్నీ కలిపితే పిడికెడు తీపి కూడా కాదు. అదే తీపిని మధ్యాహ్నం అన్నంతో పాటు ఒకేసారి తినేసి ఉంటే లెక్క ఒకటే అయ్యేది.

ఈ పాఠం లోకానికి తెలిసిన తీరు కూడా మీరు తెలుసుకోవాలి. స్వీడన్ దేశంలో వైపెహోల్మ్ అనే ఆసుపత్రి ఉండేది. మానసిక ఎదుగుదల లేనివాళ్లను అక్కడ ఉంచేవారు. 1940ల నడుమ నుంచి కొన్నేళ్లపాటు ఆ రోగుల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరికి తీపిని భోజనంతో పాటు ఇచ్చారు, కొందరికి పంటికి అతుక్కునే టాఫీలను భోజనాల మధ్య ఇచ్చారు. 1954లో ఫలితాలు అచ్చయ్యాయి. భోజనంతో తీపి తిన్నవాళ్లకు పెద్దగా హాని జరగలేదు. మధ్యమధ్యలో టాఫీలు నమిలినవాళ్ల పళ్లు దారుణంగా పుచ్చిపోయాయి. ఆ రోగులను ఎవరూ అనుమతి అడగలేదు. అడిగే దిక్కులేని వాళ్ల నోళ్లు పాడుచేసి నేర్చుకున్న పాఠం అది. ఆ ప్రయోగం తప్పని తర్వాత స్వీడన్ వాళ్లే ఒప్పుకున్నారు. అయితే ఆ పాఠం నుంచి అక్కడ ఒక ఆచారం పుట్టింది. పిల్లలు వారమంతా మిఠాయి ముట్టరు, శనివారం ఒక్కరోజే తింటారు. దాన్ని వాళ్లు శనివారం మిఠాయి అంటారు. మాకు ఈ ఆచారం బాగా నచ్చింది. ఎందుకు నచ్చిందో తర్వాత చెప్తాం.

చిల్లర చాక్లెట్లూ, హోర్డింగులూ

మన హాస్టల్ పిల్లల చేతికి ఇంత తీపి ఎక్కడినుంచి వస్తుంది? మొదటిది చిల్లర. పెన్నుకో నోటుబుక్కుకో కొట్టుకు పోతే, రూపాయి తిరిగివ్వాల్సిన చోట "చిల్లర లేదు తమ్మీ" అని చాక్లెట్ చేతిలో పెడతారు. మన రూపాయితో మన పన్ను పాడుచేసుకుంటున్నాం. మొహమాటం లేకుండా "చిల్లరే ఇవ్వండి, లేదంటే ఖాతాలో రాసుకోండి" అని అడగడం నేర్చుకోండి. రెండోది పుట్టినరోజులు. ఇంతమంది ఉన్న హాస్టల్లో తరచూ ఎవరిదో ఒకరిది పుట్టినరోజు ఉంటుంది. మూడోది, అన్నింటికంటే పెద్దది, మన చుట్టూ ఉన్న సినిమా.

మనం ఉంటున్నది మామూలు చోటు కాదు. 1976లో అక్కినేని నాగేశ్వరరావు గారి అన్నపూర్ణ స్టూడియోస్ వచ్చేనాటికి ఈ పక్కంతా బండరాళ్లూ తుప్పలూ. ఇవాళ డాబా మీదికి ఎక్కితే ఒకవైపు గోల్కొండ, ఇంకోవైపు ఫిలింనగర్ గుట్ట. రోడ్డెక్కితే హీరోల హోర్డింగులు. మనం ప్రాణం పెట్టి అభిమానించే హీరోల్లో చిరంజీవి, మహేశ్‌బాబు థమ్స్ అప్‌కూ, పవన్ కల్యాణ్ పెప్సీకీ ప్రకటనల్లో నటించినవాళ్లే. చాలా కూల్ డ్రింకుల్లో 100 మిల్లీలీటర్లకు దాదాపు 10 గ్రాముల చక్కెర ఉంటుంది. పావు లీటరు సీసా అంటే పాతిక గ్రాములు, అంటే ఐదారు చెంచాలు. రోజుకు తీసుకునే శక్తిలో చక్కెర వాటా 10 శాతం దాటకూడదనీ, 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. పెద్దవాళ్లకు ఆ 5 శాతమే పాతిక గ్రాములు. ఒక్క సీసాతో పెద్దవాళ్ల వాటా అయిపోయిందంటే పిల్లల సంగతి వేరే చెప్పాలా? పైగా ఆ పానీయమే పుల్లనిది. చక్కెర లేకపోయినా అందులోని ఆమ్లం పంటి పైపొరను అరగదీస్తుంది. దాన్ని గంటసేపు కొంచెం కొంచెం చప్పరిస్తే ఇక చెప్పేదేముంది?

హీరోలను తిట్టమని మేము అనడం లేదు. సినిమాను సినిమాగా చూడమంటున్నాం. తెర మీద మెరిసే పలువరుస వెనక లైట్లున్నాయి, మేకప్ ఉంది. నవ్వును తీర్చిదిద్దుతామంటూ జూబ్లీహిల్స్‌లో బోర్డులు పెట్టిన క్లినిక్‌లున్నాయి. మన నవ్వుకు మన పళ్లే దిక్కు. అభిమానించడానికి ఇంకో మనిషి కూడా మనకు దగ్గర్లోనే ఉన్నారు. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచాక పుల్లెల గోపీచంద్ గారి దగ్గరికి కూల్ డ్రింకు ప్రకటన వచ్చింది. ఒంటికి మంచిది కానిదాన్ని తాగమని పిల్లలకు చెప్పలేనని ఆయన వద్దన్నారు. ఆయన అకాడమీ మనకు దగ్గర్లోనే, గచ్చిబౌలిలో ఉంది. డబ్బు వద్దనడం కూడా హీరోయిజమే తమ్ముళ్లూ.

ఏ రాయైతేనేం

పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని సామెత. చక్కెర మానేసి బెల్లం తింటే పళ్లకు ఏమీ కాదని చాలామంది అనుకుంటారు. బెల్లంలో కొంత ఖనిజం ఉంటే ఉండొచ్చు కానీ, నోట్లోని సూక్ష్మజీవులకు బెల్లమైనా తేనె అయినా చక్కెర అయినా ఒకటే. బిస్కెట్లు, చిప్స్ తియ్యగా లేకపోయినా మెత్తటి పిండిలా దవడపళ్ల గీతల్లో ఇరుక్కుని చాలాసేపు ఉండిపోతాయి. నాలుకతో తీసినా రావు.

మరి పల్లీపట్టి మంచిదంటారే, రాగిజావ మంచిదంటారే అని మీరు అడుగుతారు. నిజమే, మంచివే. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో బడి భోజనంలో పల్లీ చిక్కీని చేర్చారు. మన తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2023లో రాగిజావ మొదలుపెట్టారు. పిల్లల్లో రక్తహీనత ఉన్న రాష్ట్రాల్లో వాటిని వద్దనడం తప్పు. మేము చెప్పేది తినే పద్ధతి గురించి. జావను ఒక్కసారి కూర్చుని తాగేయండి. పట్టీని అన్నం తిన్న వెంటనే తినేయండి. జేబులో పెట్టుకుని సాయంత్రం దాకా కొరుక్కోవద్దు. తిన్నాక గ్లాసెడు నీళ్లతో బాగా పుక్కిలించండి. దీనికి పైసా ఖర్చు లేదు.

పంటికి మేలు చేసే తిండి కూడా మనకు తెలిసిన తిండే. పాలు, పెరుగు సున్నం ఇస్తాయి. తీపి కలపని పెరుగన్నంతో భోజనం ముగించడం మన పెద్దల అలవాటు, పంటికి అది మంచి అలవాటు. కోడిగుడ్డు, పల్లీలు, పెసర గుడాలు, శనగ గుడాలు ఆకలి తీరుస్తాయి, సూక్ష్మజీవులకు మాత్రం పెద్దగా మేత వెయ్యవు. జామకాయ, క్యారెట్, కీరదోస గట్టిగా నమిలి తినాల్సినవి. నమిలితే లాలాజలం ఊరుతుంది. పండును పండుగా తింటే భయం లేదు. అదే పండును రసం తీసి చక్కెర కలిపితే కూల్ డ్రింకుకు తమ్ముడవుతుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో దేశ ప్రజల కోసం 17 ఆహార సూత్రాలు ఇచ్చింది. ఫ్యాక్టరీ తిండిని, చక్కెర ఎక్కువున్న తిండిని బాగా తగ్గించుకోమనడం వాటిలో ఒకటి. దేశానికి తిండి పాఠం చెప్పే సంస్థ మన ఊళ్లోనే ఉంది. వినకపోతే మనదే తప్పు.

ఆదివారం సంచి

ఇక అసలు కష్టమైన మాట. ఆదివారం అమ్మానాన్నలు చూడటానికి వస్తారు. చేతిలో సంచి ఉంటుంది. అందులో కేకు, క్రీమ్ బిస్కెట్లు, చాక్లెట్లు. మా అమ్మ నెలకోసారి వచ్చేది. పనిచేసే ఇళ్లలో పుట్టినరోజుకు మిగిలిన కేకు ముక్కను డబ్బాలో పెట్టి తెచ్చేది. తాను ఒక్క ముక్క కూడా తినేది కాదు. ఆ తీపిలో పన్నును పాడుచేసేది ఉందని ఆమెకు ఎట్లా చెప్తాం? బిడ్డను హాస్టల్లో వదిలి వెళ్లేటప్పుడు తల్లి చేతిలో చక్కెర తప్ప ఇంకేం ఉంది? అందుకే అమ్మలను తప్పుబట్టే రాతలు మాకు నచ్చవు. తీపి తేవద్దని కూడా మేము అనం.

ఇక్కడే మాకు ఆ శనివారం మిఠాయి గుర్తొచ్చింది. మన హాస్టల్లో దాన్ని ఆదివారం మిఠాయి చేసుకుందాం. సంచిలో వచ్చిన తీపిని ఆదివారం మధ్యాహ్నం భోజనం అయిన వెంటనే, అందరం కలిసి కూర్చుని తినేద్దాం. ఎవరూ రాని పిల్లవాడు కూడా ఆ వరసలో కూర్చుంటాడు, వాడికీ వాటా వస్తుంది. తర్వాత పుక్కిలించి లేద్దాం. ట్రంకుపెట్టెలో దాచి వారమంతా రాత్రిపూట తినడం మానేద్దాం. తీపి అంతే, ప్రేమ అంతే. పళ్లకు మాత్రం ఏడు రోజుల్లో ఆరు రోజులు విశ్రాంతి. వారంలో ఎవరి పుట్టినరోజు వచ్చినా చాక్లెట్లు ఆదివారమే పంచుదాం. ఇంటినుంచి ఇంకేమైనా తెమ్మని అడగాలంటే వేయించిన పల్లీలు, పుట్నాలు, మక్కకంకులు, సర్వపిండి, జామకాయలు అడగండి. అమ్మకు అవి వండటం వచ్చు, కొనడం కంటే తక్కువలో అవుతాయి.

హాస్టల్ చేయాల్సిన పని

అంతా పిల్లల మీదికి తోసేస్తే న్యాయం కాదు. రాత్రి భోజనం ఏడింటికి, పడుకునేది పదింటికి. ఎదిగే పిల్లవాడికి మధ్యలో ఆకలేస్తుంది. ఆ ఆకలికి బిస్కెట్ ప్యాకెట్టే గతి అయితే, బిస్కెట్ తినొద్దని బోర్డు రాసి లాభం లేదు. హాస్టల్ మెస్ ఛార్జీలను ప్రభుత్వం 2024 నవంబరు నుంచి పెంచింది. మూడు నుంచి ఏడో తరగతి వరకు నెలకు 950 నుంచి 1,330 రూపాయలకు, ఎనిమిది నుంచి పది వరకు 1,100 నుంచి 1,540 రూపాయలకు. రోజుకు చూస్తే 44, 51 రూపాయలు. ఇది ఎక్కువ డబ్బు కాదని మాకు తెలుసు. అయినా సాయంత్రం స్నాక్స్‌లో బిస్కెట్ల బదులు గుడాలు, పల్లీలు పెట్టమనీ, రాత్రి భోజనం కొంచెం ఆలస్యంగా, చివర పెరుగుతో పెట్టమనీ వార్డెన్ సార్‌ను, వంట అక్కలను వినయంగా అడుగుతున్నాం. మెస్ కమిటీలో ఉన్న తమ్ముళ్లు ఈ మాట ఎత్తాలి. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు.

చట్టం కూడా మన పక్షానే ఉంది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని బడిలో, హాస్టల్ మెస్సులో, బడి చుట్టూ 50 మీటర్ల లోపు పిల్లలకు అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లో నిబంధనలు చేసింది. 2025 మేలో సీబీఎస్ఈ తన బడులకు చక్కెర బోర్డులు పెట్టమని చెప్పింది. ఏ తినుబండారంలో ఎంత చక్కెర ఉందో పిల్లలకు కనబడేలా రాసే బోర్డులవి. మనది సీబీఎస్ఈ కాకపోవచ్చు. డైనింగ్ హాల్లో నల్లబల్ల, సుద్దముక్క మనకూ ఉన్నాయి. ప్యాకెట్ వెనక అచ్చేసిన అంకె చూసి బల్ల మీద రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

రాత్రి బ్రష్, నల్లగొండ నీళ్లు

తిండి ఎంత సరిచేసుకున్నా బ్రష్ తప్పదు. మనం పొద్దున తోముతాం, ఎక్కువ అవసరమైంది రాత్రి. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది కాబట్టి రాత్రి పళ్లలో మిగిలిన తీపికి అడ్డూ అదుపూ ఉండదు. పడుకునే ముందు రెండు నిమిషాలు తోమి, తర్వాత నీళ్లు తప్ప ఏమీ ముట్టకండి. బొగ్గుపొడి, ఇటుకపొడి ఎనామిల్‌ను గీరేస్తాయి, వాటి జోలికి పోవద్దు. వేపపుల్ల మంచిదే కానీ వెనక దవడపళ్ల దాకా పోదు, అందులో ఫ్లోరైడ్ ఉండదు. ప్రభుత్వం ఇచ్చే కాస్మెటిక్ ఛార్జీలు సబ్బు, నూనె, పేస్టు కోసం. వాటిని చిరుతిళ్లకు ఖర్చు పెట్టడం మనకు మనమే చేసుకునే ద్రోహం. ఒకరి బ్రష్ ఇంకొకరు వాడొద్దు.

ఫ్లోరైడ్ పేరెత్తగానే నల్లగొండ తమ్ముళ్లు ఉలిక్కిపడతారు. వాళ్ల భయంలో న్యాయం ఉంది. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే, పళ్లు తయారయ్యే వయసులో ఆ నీళ్లు తాగిన పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు పడతాయి. ఇంకా ఎక్కువైతే ఎముకలు వంగిపోతాయి. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును 1937లోనే గుర్తించి రాశారు. పటిక, సున్నంతో ఆ నీటిని శుద్ధి చేసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే పెట్టుకుంది. మా గదిలో ఉన్న నల్లగొండ దోస్తును మేము కూడా "పళ్లు తోమవా" అని ఏడిపించినవాళ్లమే. వాడు మాకంటే శుభ్రంగా తోమేవాడు. ఆ చారలు మురికి కాదు, ఊరి నీళ్లు వేసిన గుర్తు. ఈ పత్రిక ద్వారా వాడికి క్షమాపణ చెప్పుకుంటున్నాం. పేస్టులో ఫ్లోరైడ్ ఉండేది పంటి పైపొరకు బలం కోసం. మింగకుండా ఉమ్మేస్తే భయం లేదు. చిన్నపిల్లలకు బఠాణీ గింజంత చాలు.

అన్నలకు ఒక మాట

చివరగా పూర్వ విద్యార్థులైన అన్నలకు. ప్రతి వార్షికోత్సవానికి మనం వస్తాం. ఉద్యోగం వచ్చిన ఆనందంలో పెద్ద చాక్లెట్ డబ్బా తెస్తాం, కేకు కోయిస్తాం, ఫొటో దిగి వెళ్లిపోతాం. మేము కూడా పోయినేడు అదే చేశాం. ఈసారి మారుద్దాం. తెచ్చేది తీపే అయితే భోజనం తర్వాత పంచుదాం. దాంతోపాటు తలా ఒక బ్రష్, పేస్టు, ఒక జామకాయ ఇద్దాం. పిల్లలను వరసగా నిలబెట్టి నోరు తెరిచి చూద్దాం. వెనకాల పెద్దపన్ను మీద నల్లమచ్చ కనబడితే పాలపన్నే కదా అని వదిలెయ్యొద్దు. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో బడి పిల్లలకు చేసే పరీక్షల్లో పళ్లు కూడా ఉన్నాయి. ఆ బృందం వచ్చినరోజు పిల్లలు దాక్కోకుండా చూడాలి. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. మెహదీపట్నం మీదుగా బస్సులో పోయి రావచ్చు. అమ్మానాన్నలకు ఒక రోజు కూలి పోకుండా, నెలకొక అన్న ఇద్దరు తమ్ముళ్లను తీసుకెళ్తే చాలు. చిన్న గుంటగా ఉన్నప్పుడు పూడిపిస్తే పన్ను దక్కుతుంది. వచ్చే నెల వంతు మాది. పేరు నోటీసు బోర్డు మీద రాసి వచ్చాం. దాని కింద చాలా ఖాళీ ఉంది.

పళ్లున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పళ్లు లేవు అని మన పెద్దలు నవ్వుతూ అనేవారు. వాళ్ల కాలంలో శనగలు లేని మాట నిజం. మా నాన్నకు పళ్లున్న రోజుల్లో కడుపునిండా తిండి లేదు. మీ చదువులు అయ్యేనాటికి మీ ఇళ్లలోకి శనగలు వస్తాయి, ఇంకా చాలా వస్తాయి. అవి వచ్చేనాటికి మీ పళ్లు మీకు ఉండాలి. ఉద్యోగం ఇంటర్వ్యూలో చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, వెనక వరసకు కూడా వినబడేలా మీ పేరూ, మీ ఊరి పేరూ చెప్పాలి.

ఈ రాత్రి పడుకునే ముందు బ్రష్ చేసుకోండి. ఉంటాం తమ్ముళ్లూ.